గుర్రం నుదుటి నెలవంక

పెద్దతనంలో అక్షరాలు నేర్చుకున్నాను. నా రాత నెమ్మది, తప్పులుంటే మన్నించండి.

అది 1989. నేను నాచారంలో ఇత్తడి పోతపోసే షెడ్డులో పనికి కుదిరాను. ఒక పొద్దున, చనిపోయిన నా భర్త తమ్ముడు సైకిల్ దిగి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వదినా! నువ్వీడ పనిజేస్తున్నవా?"

"మీ అన్న పోయినంక బతకాలె గద. నువ్వెందుకొచ్చినవ్?"

"మెరుగు పెట్టమని పోయిన వారం ఈడ మూటిచ్చిన. గుర్రం నుదుటి నెలవంక, ఛాతీ బిళ్లలు. రేపు ఉప్పల్ల బరాత్ ఉంది."

"నవాబు బగ్గీ గుర్రానివని మీ తాత తెచ్చినవేనా? మీ అన్న చింతపండుతోని తోమి తన జట్కా గుర్రానికి కట్టినవేనా?"

"అవే అనుకో."

"ఆయన దవాఖానల పడ్డప్పుడు దొంగలెత్తుకపోయిన్రంటివి. నాతోని కూసోని ఏడిస్తివి గూడా."

"అయిందేదో అయింది. మూటియ్యి వదినా, పెళ్లోళ్లకు మాటిచ్చిన."

"కరిగించిన."

"ఏందీ! గంత పాత సామాన్లా?"

"నా చేత్తోనే మూసల ఏసిన. నెలవంక ఎర్రగై ఒంగుతుంటే కండ్లార సూసిన. షెడ్డు సేఠ్‌కు సంగతి జెప్తే సిలువ పోసిచ్చిండు."

"ఏడుందది?"

"బోడుప్పల్ల, మీ అన్న సమాధి మీద. చేతులొస్తే పోయి పీక్కో."

"రేపు గుర్రాన్నెట్ల తోల్కపోవాలె నేను?"

"పానం పోయే ముందు మీ అన్న ఒక్కటే అడిగిండు, గుర్రానికి అవన్నీ కట్టి దవాఖాన గేటు కాడికి తెమ్మని. ఉత్త మొకంతోనే తోల్కపోయిన. కిటికీలకెల్లి సూసి గోడ దిక్కు మల్లిండు. నువ్వు గూడా గట్లనే తోల్కపో."

— మాదాసు సలోమమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది నారపల్లి.