బల్బు మీద తేదీ

అత్తగారు ఫోను పట్టుకుని గదిలోకి వచ్చేసరికి, బట్టలు సర్దుకుంటున్న కోడలు తెరిచిన పెట్టెను గబుక్కున కాలితో మంచం కిందికి తోసింది.

“ఏంటత్తయ్యా, ఫోను మళ్ళీ మొరాయించిందా?”

“లేదు, బ్లాగులు చదువుతున్నాను. వంటలవన్నీ ఒకే గిన్నెలోంచి తీసినట్టుంటాయి. ప్రయాణాలవాళ్ళేమో ఊరి కంటే వాళ్ళ మొహాలే ఎక్కువ చూపిస్తారు. ఒక్కటి మాత్రం వదలకుండా చదువుతాను. పేరు చెప్పుకోని ఒక కోడలు రాస్తుంది.”

కోడలి చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది.

“ఏం రాస్తుంది?”

“వాళ్ళత్తగారి గురించి. కొత్త బల్బు పెట్టినప్పుడల్లా దాని మీద తేదీ రాస్తుందట. లైటు ఆర్పడం మర్చిపోతే ఆ తేదీ చూపించి సాధిస్తుందట.”

“అలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు.”

“ఉంటారమ్మా. ఒకసారి తలెత్తి చూడు.”

ఆమె తలెత్తలేదు. పైన బల్బు మీద ఏ తేదీ ఉందో ఆమెకు తెలుసు.

“అత్తయ్యా, అది...”

“మొదట్లో ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తావు, అందుకే చదవబుద్ధేస్తుంది. ‘ఇంకా రాయండి’ అని వేరే పేరుతో రోజూ కింద వ్యాఖ్య పెట్టేది నేనే.”

“మీరా? నా రాతలు చదివేది ఆ వ్యాఖ్యలు పెట్టే ఆవిడొక్కతే!”

“నువ్వు రాసి పన్నెండు రోజులైంది. నేనేమీ మారలేదని నాకూ తెలుసు. మరెందుకు మానేశావు?”

కోడలి చూపు మంచం కిందికి వెళ్ళింది.

“ఆ పెట్టె మూసే ముందు ఇవాళ్టిది రాసెయ్యి. ఎంత తిట్టినా సరే. ఈసారి కింద నా పేరుతోనే జవాబు రాస్తాను.”