ఖైరున్ అక్క ఇంటికి తొవ్వ

"అవ్వా, రైల్వే స్టేషన్ కాడ నడిచేటోళ్లకు, సైకిలోళ్లకు వేరే తొవ్వ కావాలని అర్జీ రాసినం. సంతకం పెడ్తవా? నువ్వు గూడ సైకిల్ మీదనే స్టేషన్‌కు పోయేదానివంట గద?"

పెడ్తగని, ముందు కూసో. ఎవలు సెప్పిండ్రు నీకు, మీ అమ్మనా? ఆ, పోతుంటి. బోధన్ల ఆడపిల్లల బడిల పంతులమ్మ నౌకరి నాది. పొద్దుగాల్ల సైకిల్ తొక్కుకుంట స్టేషన్‌కు పోవుడు, స్టాండ్ల పెట్టుడు, బోధన్ ప్యాసింజర్ ఎక్కుడు. స్టాండుకు ఐదు పైసలు... కాదు కాదు, పది పైసలు. ఐదు పైసలు నా పెండ్లి గాకముందటి మాట.

గా రైల్లనే దొరికింది ఖైరున్ అక్క. ఆమెది గూడ అదే బడి, ఉర్దూ పిల్లలకు లెక్కలు సెప్పేది. నాకంటె ఏడెనిమిదేండ్లు పెద్ద. వాళ్ల ఇల్లు స్టేషన్‌కు అవతల, మాది ఇవతల. సాయంత్రం రైలు దిగినంక ఆమెను సైకిల్ ఎనుక కూసుండబెట్టుకొని ఇంటి దాక తోలుకపోయేదాన్ని. "ధీరే, ధీరే, పడేస్తవే" అనుకుంట నా నడుం గట్టిగ పట్టుకునేది. చెరుకు సీజన్ల బోధన్ అంత చక్కెర ఫ్యాక్టరీల రసం కాగే వాసన, అది మా చీరలకు పట్టేది. మా అత్త అయితే "ఫ్యాక్టరీని ఎంబడి తెచ్చుకున్నవా ఏందే" అనేది. గప్పుడు స్టేషన్ తొవ్వ మీద రిక్షాలు, టాంగాలు, సైకిళ్లు, గంతే. లారీ వస్తే దూరంకెల్లే ఎరుకయ్యేది.

ఏం సెప్తున్న? ఆ, మా ఇంట్ల ఒక రివాజు ఉండె. మా బావ, అంటే మా ఆయన అన్న, ఎదురైతే నేను సైకిల్ దిగాలె. కొంగు నెత్తి మీద కప్పుకోవాలె, చెప్పులు ఇడిసి చేతుల పట్టుకోవాలె, తొవ్వ ఇచ్చి పక్కకు నిలవడాలె. నౌకరి చేస్తేంది, కోడలు కోడలే గద. ఎనుక కూసున్న ఖైరున్ అక్క గూడ నాతోని దిగేది, ఆమెకు ఆయనేం బావ గాకపాయె. నవ్వాపుకోలేక బుర్ఖాల మొఖం దాసుకునేది. ఆయన గూడ మంచోడే. "రైలు లేటయిందా అమ్మా" అని అడిగి పోయేటోడు.

నౌకరి అయిపోయినంక సైకిల్ ఇడిసినంగని నడుసుడు ఇడువలే. రోజు సాయంత్రం నేను పోవుడో, ఆమె వచ్చుడో. పది నిమిషాల తొవ్వ. గిప్పుడు ఆ రోడ్డు ఎట్లుందో నువ్వు సూస్తనే ఉన్నవు. పక్కపొంటి నడుద్దమంటె మోరీ మీది బండలు ఊగుతయి, వాటి మీద పండ్ల బండ్లు, బండ్ల పక్కకు మోటర్ సైకిళ్లు. నడిచేటోళ్లు తారు మీదికి దిగాల్సిందే.

ముందటేడు, బతుకమ్మకు ఓ పది రోజుల ముందట, ఇద్దరం సెయ్యి పట్టుకొని పోతున్నం. ఎదురుంగ మా బావ. తొంభై దగ్గర పడ్డయి ఆయనకు, కర్ర పట్టుకొని వస్తున్నడు. నాకు డెబ్బై దాటినయి బిడ్డా, బుద్ధి ఏడికి పోయిందో. ఖైరున్ అక్క సెయ్యి ఇడిసి కొంగు కప్పుకున్న. చెప్పులు చేతులకు తీసుకున్న. తొవ్వ ఇద్దమని పక్కకు జరిగిన. పక్కకు ఏముంది? రోడ్డే. నేను దాటుతున్న అనుకొని ఆమె నా ఎంబడి వచ్చి ముంగటికి పోయింది. మోటర్ సైకిల్ ఆమెకు తాకింది, నాకు గాదు. తుంటి బొక్క ఇరిగింది.

"నేను దిగుమన్ననా అమ్మా, నేను అడిగిన్నా" అని మా బావ రోడ్డు మీదనే ఏడ్సిండు. ఆయనను ఏమంటం. తప్పు నాది. ఎవలు కాదన్న నాదే. ఆమె మాత్రం "మీ బావకు నేను గూడ మర్యాద ఇచ్చిన" అని నవ్వుతది, నాకే ఏడుపొస్తది.

గిప్పుడు వాకర్ పట్టుకొని నడుస్తది. గల్లీ మూల దాక వస్తది. రోడ్డు మీదికి ఆమెను కొడుకులు రానియ్యరు, నన్ను నా కొడుకు పోనియ్యడు. పండుగకు బండి మీద దింపుతడుగని, చాయ్ తాగంగనే కింద హారన్ కొడ్తడు. ఆటోల పోరాదా అంటవు. పోవచ్చు. చుట్టం లెక్క పోయి కుర్సీల కూసోని ఏం మాట్లాడుత? మా ముచ్చట్లన్ని నడుసుకుంట చెప్పుకున్నయే. కోడండ్ల మీద కోపాలు, మోకాళ్ల నొప్పులు, అన్ని ఆ తొవ్వ మీదనే.

సాయంత్రం అసర్ నమాజ్ అయినంక ఫోన్ చేస్తది. "ఆతీ క్యా?" అంటది. "రేపొస్త అక్కా" అంట. రెండేండ్ల సంది గదే మాట. మస్తు యాదికొస్తది బిడ్డా. ఇంత దగ్గరుండి గింత దూరమైతదని అనుకోలే.

ఏది, పెన్ను ఇటియ్యి. ఏడ పెట్టాలె, గీడనా? అవతలికి గూడ పోతవు గద, అక్క తాన గూడ తీసుకో. ఉర్దూల పెడ్తది, నడుస్తది గద? సల్లగుండు బిడ్డా, నీ కాళ్లకు ముల్లు ఇరగొద్దు. ఆఫీసోళ్లకు సెప్పు, స్టేషన్ ముంగట రంగు లైట్లు, పూల చెట్లు గివన్ని తర్వాత పెట్టుకోమను. తొవ్వ మాత్రం జల్ది ఏయమను. అక్కకు ఈ యేడు ఎనభై నిండినయి.