పాల క్యాన్

మంగళవారం ఉదయం పదకొండింటికి, సిరిసిల్లలో ఒక దవాఖాన వరండాలో, పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన అరవై ఏళ్ల మరమగ్గాల కార్మికుడు ఆరు నిమిషాల్లో నూట ఎనభై మీటర్లు నడిచాడు. కొలిచిన ఫిజియోథెరపీ అమ్మాయి పాత చీటీ తీసింది.

“పోయిన నెల రెండు వందల పది నడిచినవు కాకా. తగ్గిందేంది? గుడ్లు తింటున్నవా?”

“రోజుకు రెండు. కిలో పెరిగిన బిడ్డా.”

“అయితే నడుస్తలేవు.”

“పొద్దుగాల అర్ధగంట నడుస్తున్న. ఒక్కనాడు తప్పలే.”

“ఎక్కడ?”

అతను ఊపిరి కూడదీసుకున్నాడు. “మా కార్ఖానల. సాంచాల నడుమ.”

“గా మరమగ్గాల దుమ్ముకేగదా నిన్ను పనికి పోవద్దన్నది.”

“పనికి పోతలే. నడిచేటందుకే పోతున్న.”

“మీ గల్లీల రోడ్డు లేదా?”

“రోడ్డు మీద పోతే ఎటు పోతున్నవని అడుగుతరు. ఎటు లేదు, ఉత్తగనే నడుస్తున్న అంటే ఏమనుకుంటరు? సాంచాల నడుమ నలభై ఏండ్లు నడిచిన. ఎవ్వలు అడుగలే.”

“గిట్లనే నడిస్తే రెండు నెలలకు ఇంట్ల ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకోవాలె కాకా.”

అమ్మాయి చీటీ మీద నూట ఎనభై అని రాసింది.

“ఇంట్ల పాల క్యాన్ ఉన్నదా?”

“ఉన్నది.”

“రేపటిసంది అది పట్టుకొని రోడ్డు మీద నడువు. ఎవలన్న అడిగితే పాలకు పోతున్న అను.”

“మాకు పాలు ఇంటికే వస్తయి.”

“గా ముచ్చట వాళ్లకెందుకు చెప్తవు?”

బుధవారం ఉదయం ఆరున్నరకు అతను ఖాళీ క్యాన్ పట్టుకుని రోడ్డెక్కాడు. అర్ధగంటలో నలుగురు ఎటని అడిగారు. నలుగురికీ పాలకని చెప్పాడు. నాలుగో మనిషి రోజూ వాళ్లింట్లో పాలు పోసేవాడు.