పట్టాలక్కగారు చేయి పెట్టని పేజీ

రెండు వేల ఏడవ సంవత్సరం ఆగస్టు నెల పందొమ్మిదవ తేదీ, ఆదివారం నాడు, పురపాలక ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న ఒక ఇల్లాలు ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వపు రైల్వే విభాగంలో స్వచ్ఛంద సభ్యురాలిగా ప్రవేశించారు. ఈ తేదీ విషయంలో ఎవరికీ సందేహం అక్కరలేదు. ఆ సర్వస్వంలో ఎవరు ఏ క్షణాన అడుగుపెట్టినదీ లోకమంతా చూసేలా నమోదై ఉంటుంది, ఆఫీసు కాగితాల్లాగా చెదలు పట్టదు. నియామక పత్రం లేదు, జీతం లేదు, బదిలీ లేదు, ఉన్నదల్లా చాకిరీ. అటువంటి కొలువులో అంచెలంచెలుగా ఎదిగి, విభాగ సమన్వయకర్తగా చిరకాలం సేవలందించి, నేడు ఆ బాధ్యతనుంచి ఆమె విరమణ పొందుతున్నారు. జీతం లేని ఉద్యోగానికి రిటైర్మెంటేమిటండీ అని నవ్వేవారు నవ్వుకోవచ్చు. ఆమె కుర్చీలో ఇక ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న వచ్చినప్పుడు మా సభ్యులంతా ఒకరి వెనక ఒకరు నక్కిన తీరు చూసి ఉంటే మాత్రం ఆ నవ్వు వచ్చేది కాదు.

మా విభాగంలో అసలు పేర్లతో పని లేదు. ప్రతివారూ తమకు తోచిన వాడుకరి పేరొకటి తగిలించుకుని వస్తారు. ఆమె పెట్టుకున్న పేరు ‘పట్టాలు’. నెల తిరగకముందే అది పట్టాలక్క అయింది. వయసులో ఆమెకంటే ఎంతో పెద్దవారైన ప్లీడరుగారు సైతం ఆమెను పట్టాలక్కగారూ అనే సంబోధిస్తారు. ఎవరేమి రాసినా ‘ఆధారమెక్కడ?’ అని అడ్డం తిరగడం ఆ ప్లీడరుగారి జన్మహక్కు కనుక, ఆయన మాకందరికీ ఆధారాల మావయ్య. కొత్త సభ్యులు ఆయన పేరు చెబితే హడలిపోతారు. పాత సభ్యులు కూడా అంతే, కాకపోతే పైకి కనబడనివ్వరు.

వీరిద్దరి పరిచయమే ఒక తగవుతో మొదలైంది. పట్టాలక్కగారు చేసిన మొట్టమొదటి మార్పు, సాయంత్రం తమ ఊరు చేరే ఒక ప్యాసింజరు బండి రాక సమయానికి అరగంట కలపడం. మావయ్య దాన్ని ఆ పూటే తీసిపారేసి, చర్చాపేజీలో తన నిత్యప్రశ్న వేశారు.

“మా ఇంటి గడియారమే ఆధారం,” అని ఆమె జవాబిచ్చారు. “మా ఆయన ఆ బండితోనే వస్తారు. అది ఒక్కరోజు టైముకొచ్చిన పాపాన పోలేదు.”

“అమ్మా, మీ ఆయన రాక వేరు, బండి రాక వేరు. టైంటేబుల్లో ఏముందో అదే రాయాలి. మీ ఇంటి గడియారం ఎక్కడైనా అచ్చయిందా?”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ కంప్యూటరు మూతపెట్టి, ఇంకెప్పుడూ ఆ దిక్కు చూడకూడదని కూడా అనుకున్నారట. వారం గడిచాక, అచ్చయిన టైంటేబుల్‌నూ, ఆ బండి ఆలస్యాల మీద ప్రయాణికులు పెట్టిన గగ్గోలును ప్రచురించిన పత్రికలనూ గ్రంథాలయంలో వెతికి పట్టుకుని మరీ తిరిగివచ్చారు. పట్టికలో టైంటేబుల్ సమయం యథాతథంగా ఉంచారు. కింద, ఆ బండి ఏనాడూ ఆ సమయానికి రాదన్న సంగతిని మూలాలతో సహా ఒక పేరాగా నిలబెట్టారు. మావయ్య ప్రతి మూలాన్నీ తరచి చూసి, “ఇదీ పద్ధతి,” అని రెండు ముక్కలు రాశారు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త ఇప్పటికీ ఎవరూ విని ఎరగరు.

ఆ తరువాతి సంవత్సరాలలో ఆమె చేసిన కృషిని వర్ణించడానికి ఈ సన్మాన సంచిక చాలదు. గ్రంథాలయం మేడమీది గదిలో, కిర్రుమనే ఫ్యాను కింద, శనివారం మధ్యాహ్నాలు పొడవాటి బల్ల చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క రైలు మార్గాన్ని దత్తత ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టినవారు ఆమే. ఎవరి లైను వారు చూసుకోవాలి. ఒకరు రాసినది మరొకరు సరిచూడాలి. కొత్త టైంటేబుల్ వెలువడిన వారంలో పెళ్ళిళ్ళున్నా పేరంటాలున్నా బల్ల దగ్గరికి రావాలి. బండ్ల నెంబర్లు మారేవి, ఆగే చోట్లు మారేవి, ఒక్కోసారి స్టేషన్లకు స్టేషన్లే మూతపడేవి. రోజుకు రెండు బండ్లు మాత్రమే ఆగే ఓ చిన్న స్టేషన్ గురించి, “దీని పేజీ ఎవరు చూస్తారక్కా, వదిలేద్దాం,” అని ఒక సభ్యుడు నీరుగారిపోతే, “అక్కడ దిగేవాడు చూస్తాడు నాయనా, రాయి,” అన్నారామె. అతడు రాశాడు. రాసేదాకా ఆమె అతని పక్కనుంచి కదలలేదు.

ఇక్కడ మా అందరికీ తెలిసినా, ఇంతవరకు అచ్చులో ఎవరూ చెప్పని ఒక ఘట్టాన్ని చెప్పక తప్పదు. దీనికి ఆ దంపతుల అనుమతి తీసుకున్నాము. మావయ్య అనుమతి కూడా తీసుకున్నాము; లేకుంటే ఈ వ్యాసాన్ని కూడా ఆయన తీసిపారేయగలరు.

కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలపు ఉదయం, జంక్షను సమీపంలో ఒక ప్యాసింజరు బండి పట్టాలు తప్పింది. దైవానుగ్రహం వలన ప్రాణనష్టం జరగలేదు, గాయపడినవారు చాలామందే. మరునాటి పత్రికలన్నీ ముక్తకంఠంతో, డ్రైవరు బండిని ఎర్ర సిగ్నలు దాటించాడని రాశాయి. మా విభాగం ఆనవాయితీ ప్రకారం ప్రమాదం మీద ఒక పేజీ మొదలైంది. పత్రికలను మూలాలుగా చూపుతూ, డ్రైవరు నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమన్న వాక్యం రాసినవారు ఆధారాల మావయ్య. ఆ సాయంత్రమే చర్చాపేజీలో పట్టాలక్కగారి మాటలు కనిపించాయి: “ఆ డ్రైవరు నా భర్త. ఈ పేజీలో నేను చేయి పెట్టను. మిగతావాళ్ళు జాగ్రత్తగా చూడండి.”

ఇన్నేళ్ళుగా మా ఆయన ఆ బండితోనే వస్తారు అని ఆమె అంటుంటే, ఏదో ఆఫీసుకు వెళ్ళివచ్చే ప్రయాణికుడనుకున్నామే తప్ప, ఆ బండిని తెచ్చేదే ఆయన అని మాలో ఒక్కరికీ తట్టలేదు.

విచారణ సాగినంతకాలం ఆయన సస్పెన్షనులో ఉన్నారు. చివరకు విచారణ సంఘం, తీగల లోపం వలన సిగ్నలు తప్పుగా పచ్చదీపం చూపిందనీ, డ్రైవరు దోషమేమీ లేదనీ తేల్చింది. ఆయన గౌరవంగా తిరిగి విధుల్లో చేరారు. కానీ తొలినాడు అంతంత అక్షరాలతో నిందవేసిన పత్రికలలో ఏ ఒక్కటీ ఈ కబురు వేయలేదు. పేజీలో పాత వాక్యం పాతుకుపోయింది. డ్రైవర్ల విశ్రాంతి గదిలో కొత్తగా చేరినవారు ఫోను తెరిచి, “ఇందులో ఉన్నది మీరేనా సార్?” అని అడగసాగారు.

ఒకనాడు భోజనాల దగ్గర ఆయన ఉండబట్టలేకపోయారు.

“కమిటీ నా తప్పు లేదంది. డిపార్టుమెంటు మళ్ళీ బండెక్కించింది. నీ పేజీ మాత్రం ఇంకా నన్నే తప్పుపడుతోంది. తాళం నీ చేతిలోనే ఉంది కదే! ఒక్క వాక్యం దిద్దలేవా?”

“మందుల బీరువా తాళం కూడా నా చేతిలోనే ఉందండీ. చీటీ లేకుండా మీకు ఒక్క మాత్రయినా తెచ్చానా ఎప్పుడైనా?”

“మాత్రా, మనిషి పరువూ ఒకటేనా నీకు? నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను.”

“నేను దిద్దితే అది పెళ్ళాం మాట అవుతుంది. ఇంకొకరు చూసి దిద్దితేనే అది మీ పరువవుతుంది. నాకు మీ పరువే కావాలి.”

ఆయన కంచం ముందునుంచి లేచిపోయారు. తరువాత చాలా రోజులు ఆ ఇంట్లో అవసరమైన మాటలు తప్ప వేరే మాటలు లేవు. కాఫీ గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడులోనే కోపతాపాలన్నీ తెలిసిపోయేవట. ఆసుపత్రిలో మందుల అలమరల వెనక నిలబడి ఎన్నోసార్లు ఏడ్చానని ఆమె తరువాత మాతో చెప్పారు. ఆ వాక్యాన్ని చెరిపేయడానికి ఆమెకు పట్టే వ్యవధి ఎంత? కన్నుమూసి తెరిచేంత. ఆ పని చేయకుండా ఉండటానికి ప్రతిరోజూ ఆమె పడిన యాతనను ఏ కొలతతో కొలవాలో మాకు తెలియదు.

ఆమె చేసిన పని ఒక్కటే. తాను ఎవరో మళ్ళీ స్పష్టంగా చెప్పుకుంటూ, విచారణ సంఘం తుది నివేదిక రైల్వే భద్రతా కార్యాలయపు గ్రంథాలయంలో ఎవరైనా వెళ్ళి చదువుకునేందుకు అందుబాటులో ఉందనీ, వీలున్నవారు స్వయంగా చూసి పేజీని సవరించవలసిందనీ చర్చాపేజీలో విన్నవించారు. శనివారం బల్ల దగ్గర పెద్ద దుమారమే రేగింది.

“ఇందులో చూడ్డానికేముంది? అక్క అబద్ధమాడుతుందా?” అని మా సభ్యురాలే అయిన గ్రంథాలయాధికారిణి మావయ్య మీద విరుచుకుపడ్డారు. “మేం మార్చేస్తాం. అక్కా, నువ్వు చూడనట్టు అటు తిరిగి కూర్చో.”

“అక్క అబద్ధమాడుతుందని నేనన్నానా?” మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “చూడకుండా మార్చకూడదన్నాను. అంతే.”

“మీకసలు గుండె అనేది ఉందా?”

అందరూ పట్టాలక్కగారి వైపు చూశారు. ఆమె ముఖం ఎర్రబడింది.

“మావయ్యగారన్నదే సబబు. నా మొహం చూసి ఈరోజు మీరు మారిస్తే, రేపు ఇంకెవడో ఇంకెవరి మొహమో చూసి వెనక్కి మారుస్తాడు. అప్పుడు నేనేం అడగను? నివేదిక చూడండి. చూసి మార్చండి. ఎంతకాలమైనా సరే, నేను అడుగుతూనే ఉంటాను.”

అన్నట్టే అడుగుతూ వచ్చారు. ప్రతి శనివారమూ పని ముగిశాక, కుర్చీలు సర్దేముందు, “ఆ నివేదిక ఎవరైనా చూశారా?” అని ఒక్కసారి అడిగేవారు, లేదంటే తల ఊపి, ఫ్లాస్కు కడుక్కుని వెళ్ళిపోయేవారు. కసురుకోలేదు, బతిమాలుకోలేదు. మేము సిగ్గుతో చచ్చేవాళ్ళం; ఆ కార్యాలయం దూరం, అందరికీ ఉద్యోగాలు, పిల్లల పరీక్షలు, ఏవో సాకులు.

చివరికి కదిలినవారు ఎవరనుకున్నారు? మోకాళ్ళ నొప్పులతో మేడమెట్లెక్కడానికే మూలిగే మావయ్య. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ గ్రంథాలయానికి సున్నాలు వేస్తున్నారట. రెండోసారి వెళితే, నివేదికలు ఉంచిన గదికి తాళం వేసి గుమస్తా సెలవులో ఉన్నాడట. మూడోసారి, తాళం తీసేదాకా ఇక్కడినుంచి లేచేది లేదని వసారాలోని బల్లమీద భీష్మించుకు కూర్చున్నారట. తాళం తీయక వాళ్ళకు గత్యంతరం లేకపోయింది. నివేదికను ఆసాంతం చదివి, కావలసిన భాగాలు నకలు తీయించుకుని, తిరుగు ప్రయాణంలో సరాసరి పట్టాలక్కగారింటి తలుపు తట్టారు. తలుపు తీసింది డ్రైవరుగారు.

“మీరెవరండీ?”

“ఆ వాక్యం రాసింది నేనే బాబూ. ఇందాక రైల్లో కూర్చుని తీసేసిందీ నేనే. అప్పుడున్న ఆధారం అది, ఇప్పుడున్న ఆధారం ఇది. లోపలికి రమ్మంటారా, ఇటునుంచిటే పొమ్మంటారా?”

డ్రైవరుగారు ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళి, కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను తెరిచి కొత్త వాక్యాలను పైకి చదివారు. ‘సిగ్నలు వ్యవస్థలోని లోపమే ప్రమాదానికి కారణమనీ, డ్రైవరు నిర్దోషి అనీ విచారణ సంఘం నిర్ధారించింది.’ ‘నిర్దోషి’ అన్న మాటను ఇంకోసారి చదివారు. వంటింటి గుమ్మంలో నిలబడిన భార్యవైపు తిరిగి, “నీమీద ఉత్తపుణ్యానికి అలిగానే!” అన్నారు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోను అందుకుని, పేజీ అంతా మొదటినుంచి చివరిదాకా చదివారు.

“మావయ్యగారూ, పట్టాలు తప్పిన పెట్టెల లెక్క ఒకచోట ఒకలాగా, ఇంకోచోట ఇంకోలాగా ఉంది. కాస్త చూస్తారా?”

“అంత చిన్నదానికి నన్నడగాలా? దిద్దేయండి తల్లీ,” అన్నారు మావయ్య. ఆధారాల మావయ్య నోట అంతటి మాట రావడం చరిత్రలో అదే ప్రథమం.

“నేను దిద్దనండీ,” అని ఫోను ఆయన చేతికిచ్చారామె. ఆయనే దిద్దారు.

సర్వస్వంలో ప్రతి పేజీకీ ఒక చరిత్ర ఉంటుంది. దాన్ని తాకిన వారందరి పేర్లూ అందులో వరుసగా కనిపిస్తాయి. మా విభాగం పేజీలలో పట్టాలక్కగారి పేరు లేని చరిత్ర దొరకడం కష్టం. ఆ ఒక్క పేజీలో మాత్రం మా అందరి పేర్లూ ఉన్నాయి, ఆమె పేరు లేదు. ఆమెను సన్మానించడానికి కారణాలు అడిగిన కొత్త సభ్యులకు, ఆమె రాసిన వేలాది పేజీలను పక్కనపెట్టి, ముందుగా ఆ చరిత్రనే తెరిచి చూపిస్తున్నాము.

పట్టాలక్కగారూ, మీ తరువాత ఈ బల్ల దగ్గర కూర్చునేవారు మీ అంత గట్టిగా నిలబడగలరో లేదో తెలియదు గాని, నిలబడే ప్రయత్నం మానబోమని ఈ సంచికాముఖంగా మాట ఇస్తున్నాము. వచ్చే ఏడాది డ్రైవరుగారూ విశ్రాంత జీవితంలోకి అడుగుపెడుతున్నారు. ఇకపై మీరిద్దరూ సంపూర్ణ ఆరోగ్యంతో, మనుమల, మనుమరాండ్ర సందడి మధ్య, కిటికీ పక్క సీట్లలో ప్రయాణికులై, మనసైన చోటల్లా దిగుతూ, దీర్ఘకాలం హాయిగా తిరగాలి. అంతమందిని క్షేమంగా గమ్యం చేర్చిన ఆయన చేతులూ, ఆ ఒక్క పేజీని తాకకుండా నిగ్రహించుకున్న మీ చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని పదికాలాల పాటు చల్లగా ఉండాలని, మేమంతా మనసారా కోరుకుంటున్నాము.