సోడా కొట్లో ధ్యానం

హలో… ఆ, నేనే. ఖాదర్ వలిని, నరసరావుపేట సోడా కొట్టు… రాజారత్నం మేష్టారేనా?… నమస్కారమండీ. ఫోను కోసం వకీలు గారింటిదాకా నడిపించా మిమ్మల్ని. ఏమనుకోవద్దు…

అరవట్లేదండీ. గుంటూరు దూరం గదా అని కాస్త గట్టిగా… బాగానే వినపడుతుందా? అయితే తగ్గిస్తా.

మేష్టారూ, మీరు నేర్పిన ధ్యానం మీకే తిరిగి ఇచ్చేద్దామని నిన్న ఇక్కడ పోస్టాఫీసులో ఈ ఫోనుకి చెప్పుకున్నా…

నవ్వకండి, నా మాట వినండి. నేర్పినందుకు మీరు ఒక్క కానీ డబ్బు కూడా తీసుకోలేదు, నిజమే. పోయింది వేరే… నా గొంతు… జబ్బు కాదండీ. ఇదివరకు నేను 'సోడా' అని కేకేస్తే రైలు దిగినోడు నేరుగా నా కొట్టుకే వచ్చేవాడు. ఇప్పుడు కళ్ళు మూసుకుని కూర్చుని కూర్చుని, కేక లోపలే ఉండిపోతోంది. ఎదురుకొట్టు ఖలందర్ అరుస్తున్నాడు, జనం అటు పోతున్నారు…

ఇంట్లోనా? నేను తిట్టటం మానేసేసరికి మా మాబున్నీసా హడలిపోయింది. ఈయన ఇంక ఎక్కువకాలం బతకడని పుట్టింటికి కబురు పెట్టింది. బావమరదులు ఆఖరిచూపుకని కోళ్ళు పట్టుకుని దిగారు… ఆ, తిన్నాం. బాగానే తిన్నాం.

అదంతా ఓర్చుకున్నా. దారి తప్పిన కుర్రాళ్ళకి కూడా నేర్పమన్నారు, అదీ చేశా… ఆ, ఆ జక్కయ్యే. పక్కింటి సారమ్మ కొడుకు. బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చాడే, వాడు… నేను సోడా కొట్టినప్పుడల్లా ఆ చప్పుడికి తుపాకీ పేలిందనుకుని నేలకి అతుక్కుపోతాడు. లేచి, నవ్వినోడిని కొడతాడు. వాడి వెంట ఇంకో ఇద్దరు. పోలీసు లాఠీ రుచి తెలిసినోళ్ళే…

ఎట్టా అంటే, సోడా కొట్టకుండా. సాయంత్రం పూట, ఊరంతా దాహంతో అల్లాడే వేళకి, కొట్టు తలుపులేసుకుని నలుగురం ఊపిరి చూసుకుంటా కూర్చుంటున్నాం. బయట గిరాకీ తలుపు బాదుతున్నా నోరెత్తటానికి లేదు…

అదీ ఓర్చుకున్నా మేష్టారూ. మొన్న కోటప్పకొండ తిరునాళ్ళలో… అక్కడికే వస్తున్నా. మా సోడా కొట్లోళ్ళకి ఏడాదికి అదొక్కటే పండగ. పెట్టెలన్నీ బండికెత్తి, ఆ ముగ్గుర్నీ సాయానికి తీసుకుపోయా. ప్రభలు వస్తున్నాయి. ఉన్నట్టుండి బాణసంచా ఔట్లు పేల్చారు… ఆ. మావాడు బిగుసుకుపోయాడు. ఎవడో నవ్వాడు. అంతే, రెండు చేతుల్లోకి రెండు సోడా బుడ్లు తీశాడు. మా పల్నాట్లో బుడ్డి పైకి లేచిందంటే తల పగలందే కిందికి దిగదు, మీకు తెలియందేముంది. నవ్వినోడి వైపోళ్ళు కూడా నా పెట్టెల్లోంచే బుడ్లు తీశారు…

నేనా? నేనేం చేస్తా, కూర్చున్నా. వాళ్ళ మధ్యలో, ఆ దుమ్ములోనే. జక్కయ్య పంచె పట్టుకుని, 'ముందు నన్ను కొట్టు. లేకపోతే కూర్చుని నాతోపాటు ఊపిరి పీల్చు' అన్నా…

చానాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత… కూర్చున్నాడు మేష్టారూ. బుడ్లు కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

సంతోషపడకండి, అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మేం కళ్ళు తెరిచేసరికి పెట్టెలు ఖాళీ. కొట్టుకోటానికి బుడ్లు తీసినోళ్ళు, కొట్టుకునే పని లేకపోయేసరికి నా సోడాలన్నీ తాగేశారు… దాహమేసిందంట… వకీలు గారు కూడా నవ్వుతున్నారా? నవ్వమనండి.

అందుకే మానేస్తానని చెబుదామనుకున్నా. అది నిన్న.

ఇవాళా?… ఇవాళ పొద్దున్నే సారమ్మ గుండెలు బాదుకుంటా వచ్చింది. కొడుకు లేవట్లేదు, రాత్రంతా ఉలుకూ పలుకూ లేదు అని. వచ్చిన కాడ్నుంచీ నిద్రలో కేకలు పెడతాడు గదా. ఆ కేక వినపడకపోయేసరికి ఆమెకి పైప్రాణాలు పైనే పోయినయ్. నేనూ చెప్పుల్లేకుండా పరిగెత్తా…

లేదు, లేదు మేష్టారూ. కంగారుపడకండి. నిద్ర. మొహం మీద ఎండ పడుతున్నా గురక పెడుతున్నాడు. సారమ్మ వాడి కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. నేను చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి వచ్చేశా…

ఆ?… మానేయమంటారా? అదేందండీ, మీరే మానేయమంటే ఎట్టా? అసలు మానేస్తానని ఎవరన్నారు?… నేనేనా? అది నిన్నటి మాటని చెప్పా గదా…

మళ్ళీ అరిచానా… సరే. పీలుస్తున్నా… మీరూనా?…

హలో? లైను పోయిందా?… ఉన్నారా. మరి మాట్లాడరేం… ఓహో, ఊపిరి చూసుకుంటున్నారా. సరే, నేనూ మాట్లాడను.

…

…

ఉండండి పోస్టుమాస్టరు గారూ, అప్పుడే తీసేయొద్దు. మాట్లాడుకుంటున్నాం.

…