ఒంటిచేతి తలుపు

బోన్లు చేసే కొట్టు, మిట్టమధ్యాహ్నం. జాలీ చుట్టల మధ్య ముక్కాలి పీట మీద పిట్టలు పెంచే ఆవిడ కూర్చుని ఉంది. మేస్త్రి మాత్రం కూర్చోలేదు.

"కుదరదంటే కుదరదమ్మా. ఒక్కరే తెరిచి, ఒక్కరే పట్టుకునే బోను ఎక్కడా ఉండదు."

"ఎక్కడా లేదనే మీ దగ్గరికొచ్చాను మేస్త్రిగారూ. ఉంటే కొనుక్కునేదాన్ని."

"అవేమన్నా కోళ్ళా, తలుపు తీసి బా బా అంటే రావడానికి? కౌజు పిట్టలు. తలుపు వేలెడు తెరిస్తే చాలు, చేతి పక్కనుంచి జారిపోతాయి."

"నాకు చెప్తున్నారా?"

"మీకు తెలీదని కాదు..."

"పొద్దున లేస్తే వాటి మధ్యే బతుకుతున్నా. అదిరాయంటే నిటారుగా ఎగురుతాయి, నెత్తి పగలగొట్టుకుంటాయి. అందుకే పైకప్పు జానెడు ఎత్తులో పెట్టండి, పైన జాలీ వద్దు, గోనెపట్టా బిగించండి అంటున్నా. గుర్తుంటుందా?"

"ఉంటుందిలెండి. జానెడు."

"జానెడంటే నా జాన. మీది కాదు."

"సరే. లోతు?"

"లోతు నా చెయ్యంత. ఇదిగో, చంక దగ్గర్నుంచి వేలి కొస దాకా. తీగ పెట్టి కొలవండి. ఇప్పుడున్న బోను మరీ లోతు. మూలకి పోయి నక్కినవి అందవు. తలుపు పక్కన చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి, గుడ్డిదానిలా తడుముకోవాలి."

"ఆ బోను చేసింది నేనే."

"తెలుసు. అందుకే ఇంత మర్యాదగా చెప్తున్నా."

"ఇన్నాళ్ళూ పనికొచ్చిందిగా?"

"వచ్చింది. ఇద్దరం ఉన్నాం కాబట్టి."

"ఇప్పుడు మాత్రం ఇద్దరు లేరా? మీ అక్క..."

"మా తోడికోడలు."

"అక్కా అక్కా అని నోరారా పిలిచేవారు."

"పిలిచేదాన్ని. చెయ్యి నొప్పెడుతోంది, కొలిచారా లేదా?"

"కొలిచా, కొలిచా. దించండి. వీధిలో మీ ఇద్దరికీ ఏం పేరు పెట్టారో తెలుసా? ఆవిడ తలుపు, మీరు చెయ్యి. మొన్నటిదాకా మీరు కలిసి బజారుకెళ్తుంటే, 'తలుపూ చెయ్యీ వస్తున్నాయి, పిట్టలు జాగ్రత్త' అనేవాళ్ళు."

"నవ్వుకోనివ్వండి. ఇకనుంచి చెయ్యి ఒక్కటే వస్తుంది."

"తలుపు లేకుండా చెయ్యి ఏం చేస్తుందమ్మా?"

"అదే చెప్పబోతుంటే మీరు చెప్పనివ్వరే! అసలు తలుపే వద్దు. ముందువైపు గుండ్రంగా ఓ కన్నం పెట్టండి, చిన్న పళ్ళెమంత. దాని చుట్టూ పొడుగు చేతుల చొక్కా చెయ్యి కుట్టేస్తా. భుజం వైపు బోనుకి, మణికట్టు వైపు బయటికి. మణికట్టు దగ్గర ఎలాస్టిక్. చెయ్యి ఆ గొట్టంలోంచి లోపలికి పోతుంది, పిట్టని పట్టుకుని మళ్ళీ అందులోంచే బయటికొస్తుంది. మిగతావి ఎటు పోతాయి? ఎటూ పోవు. ఒకరు తలుపు కాయక్కర్లేదు."

"చొక్కా చెయ్యా!"

"ఏం, నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంటి... గోళ్ళు చిక్కుకుంటాయేమో."

"గట్టి గుడ్డ. పలచటిది కాదు."

"రెట్టతో కంపు కొడుతుంది."

"ఉతుకుతా. వేసుకున్నవాడి ఒంటిమీద ఉన్నప్పుడూ నేనే ఉతికా."

"ఆయన చొక్కాలా?"

"పెట్టెలో ఉన్నాయి. పట్టుకెళ్ళలేదు."

"రేపు వచ్చి నా చొక్కాలేవీ అంటే?"

"వస్తే కదా. ఏంటలా చూస్తారు? మనిషే అక్కర్లేదనుకున్నాక చొక్కాలు అడుగుతాడా? ఓ చెయ్యి చిరిగితే రెండో చెయ్యి కుడతా. బోను చిల్లులు పడేదాకా సరిపోతాయి."

"సరే, చెయ్యి పెట్టారు. మరి మూలకి నక్కినవి? కన్నం ఒకటే. పిట్టలు నాలుగు మూలలా పరిగెడతాయి."

"దానికీ ఆలోచించా. వెనక గోడంత జాలీ పలక ఒకటి, నిలువుగా. దానికి కడ్డీ కట్టి, ఆ కడ్డీ కొస ముందుకి తెండి. కుడిచెయ్యి చొక్కాలో, ఎడం చెయ్యి కడ్డీ మీద. నెమ్మదిగా లాగితే పలక ముందుకొస్తుంది, పిట్టలూ దాంతోపాటే నడుచుకుంటూ వస్తాయి. తరమక్కర్లేదు, భయపెట్టక్కర్లేదు."

"పలక ఇరుక్కుంటే?"

"ఇరుక్కోకుండా చెయ్యడం మీ పని."

"కింద కాళ్ళు నలుగుతాయి."

"అడుగున పాత సైకిల్ ట్యూబు కోసి అంచుకి తొడగండి."

"తుప్పు పడుతుంది."

"మేస్త్రిగారూ, మీరు ఇనుముతో చేసేవన్నీ తుప్పు పడతాయి. ఎన్నడూ చెప్పలేదు ఆ మాట."

"మీరు మేస్త్రీయా నేను మేస్త్రీనా?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా. ఇదివరకు ఏదడిగినా గీత గీసుకుని మూడోనాటికి తెచ్చి గుమ్మంలో పెట్టేవారు. ఇవాళ ప్రతిదానికీ అడ్డం పడుతున్నారేంటి?"

"అడ్డమేముంది... మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు."

"కుండలోవి. చల్లగా ఉన్నాయి."

"వద్దన్నాగా. చేస్తారా చెయ్యరా?"

"తొందరేముందమ్మా? ఉన్న బోను గట్టిగానే ఉంది."

"పంచేసుకుంటున్నాం. సగం పిట్టలు నావి, సగం ఆవిడవి. నా సగానికి నా బోను."

"పంచుకుంటున్నామని ఆవిడతో అన్నారా?"

"మాట్లాడితే కదా అనడానికి."

"ఒక ఇంట్లో ఉంటూ, అసలు మాటల్లేవా?"

"ఎందుకు లేవు? మూడున్నాయి."

"మూడు?"

"బోను దగ్గర. తియ్యండి అంటాను, ఆవిడ తలుపు తీస్తుంది. పిట్ట చేతికి చిక్కగానే పట్టా అంటాను. మూస్తున్నా అంటుంది. పొద్దున మేతప్పుడు ఓసారి, సాయంత్రం కొనేవాళ్ళు వచ్చినప్పుడు ఓసారి. అంతే. ఇదివరకు తియ్యక్కా అనేదాన్ని. ఇప్పుడు తియ్యండి అంటున్నా."

"అండీలా! అక్కని?"

"ఆవిడ మాత్రం? మూస్తున్నానే అనేది. ఆ 'నే' ఎటు పోయిందో ఏమో."

"మరి వంటా గింటా?"

"ఎవరి పొయ్యి వాళ్ళది. ఆవిడ తాళింపు వాసన నా గదిలోకొస్తుంది. నాది ఆవిడ గదిలోకి పోతుందనుకుంటా. అంత పెద్ద గిన్నె వాడేదాన్ని, ఇప్పుడు ఇంత చిన్న గిన్నె. అందులోనూ మిగిలిపోతోంది."

"రాత్రిళ్ళు భయం వెయ్యదా?"

"భయమేముంది? గోడ అవతల ఆవిడ దగ్గుతుంది. ఇవతల నేను దగ్గుతా. ఒక్కోసారి దగ్గు రాకపోయినా."

"రాకపోయినా దగ్గడమెందుకు?"

"ఎందుకేంటి... ఇంట్లో మనిషున్నట్టు తెలియాలిగా."

"ఆవిడకా, మీకా?"

"గుడ్లు జారడానికి అడుగు జాలీ ముందుకి కాస్త వాలుగా పెట్టండి. మరీ వాలితే పిట్టలు నిలబడలేవు. ఇలా, అరచెయ్యి కొంచెం వంచినట్టు."

"వాలు సంగతి నాకొదిలెయ్యండి. నేను అడిగేది ఇంకోటి. ఈ బోను వస్తే ఆ మూడు మాటలూ ఉండవుగా?"

"ఉండవు."

"మరి?"

"మరి ఏముంది? హాయిగా ఉంటుంది."

"హాయిగానా?"

"ఏమో. ఉంటే తెలుస్తుంది."

"పిట్టలతో మాట్లాడుకుంటారా ఇక?"

"మాట్లాడితే అదిరిపోతాయి. ఊరికే వింటా, అంతే. మీరు మాత్రం రోజంతా ఎవరితో మాట్లాడుతున్నారు? ఈ ఊచలతోనేగా?"

"ఊచలు తిట్టవమ్మా. అదీ సుఖం."

"నాకూ తిట్టనిదే కావాలి. అందుకే ఈ బోను."

"అంత మాటేమంది ఆవిడ? పిట్టలు పారిపోయిన రోజున ఏదో అయిందని వీధంతా అనుకుంది కానీ, ఏంటో ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలియక్కర్లేదు."

"సరే, వద్దులెండి."

"నా చెయ్యి లోపలుంది. మా పద్ధతి ఏంటంటే, నేను పట్టా అన్నాకే ఆవిడ మూయాలి. ముందు మూయకూడదు, ఆలస్యం చెయ్యకూడదు. ఏళ్ళ తరబడి అలాగే చేశాం. చూసుకునేవాళ్ళం కూడా కాదు. మాట వినపడితే తలుపు పడేది."

"ఆ రోజు అనలేదా?"

"లేదు."

"మర్చిపోయారా?"

"కబురొచ్చింది. ఆయన పనికెళ్ళిన ఊళ్ళో వేరే ఇల్లు పెట్టాడని, ఇంకొకావిడతో. అప్పుడే, ఆ నిమిషంలోనే. పిట్ట నా చేతిలో ఉంది. దొరికింది, పట్టుకునే ఉన్నా. దాని గుండె నా వేళ్ళకి టకటకా తగులుతోంది. వెచ్చగా ఉంది. వదలబుద్ధి కాలేదు. పట్టా అనబుద్ధీ కాలేదు. అలాగే ఉండిపోయా."

"అయ్యో."

"మిగతావన్నీ చేతి పక్కనుంచి పోయాయి. గుంపులు గుంపులుగా, నా కాళ్ళ మీదనుంచి, పెరట్లోంచి, గోడ కింది తూములోంచి. ఇప్పుడున్నవి తర్వాత ఇరుగుపొరుగు పట్టి తెచ్చిచ్చినవి. ఆవిడ తలుపు పట్టుకుని మొద్దులా నిలబడింది. అన్నీ పోయాక అప్పుడు నోరు తెరిచింది. నీ చేతిలో ఏదీ నిలవదే, అంది."

"పిట్టల గురించి అనుంటుంది."

"పిట్టల గురించే అయితే అన్న మరుక్షణం నాలిక కరుచుకోదు."

"కరుచుకుందంటేనే తెలిసిందిగా, పొరపాటున..."

"కరుచుకుంటే? అన్న మాట వెనక్కి పోతుందా? బావగారు పోయినప్పుడు నేను ఆవిడని ఒక్క రోజు ఒంటరిగా పడుకోనిచ్చానా? ఆవిడ మొగుడు పోయాడు, అందరూ వచ్చి ఏడ్చారు. నా మొగుడు వెళ్ళిపోయాడు, నా చేతిలో ఏదీ నిలవదంది. అంతే తేడా."

"ఊరుకోండమ్మా. ఊరుకోండి."

"నేనేం ఏడవట్లేదు. మీ కొట్టులో పొగ."

"వెల్డింగు ఆపి చాలాసేపైంది."

"అయినా సరే, పొగ. పోనీ నేను పట్టా అనలేదు, నాది తప్పే. ఆవిడ మూయొచ్చుగా? కళ్ళ ముందు పోతుంటే చూస్తూ నిలబడ్డమేంటి? ఇంటికి పెద్దది! అంత తెలివిగలది!"

"ఎలా మూస్తుందమ్మా? ఆ తలుపు పైనుంచి పడేది, అంచు రంపంలా ఉంటుంది. నేనే చేశా, నాకు తెలీదా? ఎడం చెయ్యి మోచెయ్యి దాకా లోపలుంది, మీరేమో ఉలకరూ పలకరూ. మూస్తే చెయ్యి తెగేది. పిట్టలు పోతే పోయాయి, చెయ్యి దక్కితే చాలని..."

"చాలని?"

"చాలని... ఎవరైనా అనుకుంటారు."

"ఎడం చెయ్యి అని నేను చెప్పలేదు."

"చెప్పారుగా, ఇందాక."

"చెప్పలేదు. నేను పట్టేది కుడిచేత్తో. ఇందాక మీరు కొలిచిందీ కుడిచెయ్యే. ఆ రోజు ఒక్కటే ఎడం చెయ్యి పెట్టా. కుడిచేతిలో ఫోనుంది. అది చూసినవాళ్ళు ఒక్కరే."

"నీళ్ళు తాగండమ్మా."

"మేస్త్రిగారూ."

"చల్లగా ఉన్నాయి, కుండలోవి..."

"ఎప్పుడొచ్చింది? ఎప్పుడొచ్చింది మా అక్క?"

"నిన్న. మీరు పెరట్లో తాడుతో బోను కొలుస్తుంటే వంటింటి కిటికీలోంచి చూసిందట."

"చూసి నేరుగా ఇక్కడికొచ్చిందా? చెయ్యొద్దని చెప్పిందా? అందుకేనా మీ గోళ్ళూ, తుప్పూ, కాళ్ళు నలగడమూ!"

"చెయ్యొద్దనలేదు. మీ పేరే ఎత్తలేదు ముందు. ఆ పీట మీదే చాలాసేపు కూర్చుంది. ఆ రోజు సంగతి చెప్పింది. తలుపు సంగతీ, మీ చెయ్యి సంగతీ. ఆ మాట సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పబోయి ఆగిపోయింది. ఇప్పుడు అర్థమైంది ఎందుకాగిందో."

"నాతో చెప్పొచ్చుగా? గోడ ఇవతలేగా ఉన్నా."

"పెద్దావిడ కదమ్మా. నోరు రాదు."

"నోరు రాదు, కాళ్ళొచ్చాయి. ఇంతకీ ఎందుకొచ్చింది?"

"బోను చేయించుకోడానికి."

"చూశారా! చూశారా మరి! నాకంటే ముందే తన సగానికి తను..."

"సగానికి కాదు. పెద్దది. అన్ని పిట్టలకీ సరిపడా."

"అన్నిటికీనా? మరి దానికి తలుపెలా పెట్టమంది?"

"బరువుగా పెట్టమంది. ఎంత బరువమ్మా అనడిగా. నా ఒక్కదాని వల్లా తెరుచుకోకూడదు, దాని ఒక్కదాని వల్లా తెరుచుకోకూడదు, అంది."