కుట్టేసిన చివరి అధ్యాయం

వీధి చివర టైలరింగ్ షాపు. శుక్రవారం, నాలుగుకి పది నిమిషాలు తక్కువ. మిషను వెనక షాపు నడిపే ఆవిడ. బల్లకి ఇవతల, భుజాన ఇంజక్షన్ల సంచీతో కాంపౌండరు. మధ్యలో ఒక నవల.

"...అందుకే నేనే తెచ్చా టైలరక్కా. మా ఆవిడకి జ్వరం. లేవలేకపోతోంది."

"పోయిన నెలా జ్వరమే అన్నారు కాంపౌండర్ గారూ."

"పోయిన నెల జలుబు. ఇప్పుడు జ్వరం. ఇదిగో మీ పుస్తకాల క్లబ్బు నవల. నలిగిందో చినిగిందో చూసుకోండి."

"నలగలేదు. కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. చదివిందా?"

"చదివింది, చదివింది. బాగుందట."

"బాగుందట. అంతేనా?"

"ఇంకేం కావాలి?"

"మీ ఆవిడ ఏ పుస్తకాన్నీ అంత తేలిగ్గా వదలదు. పేజీ పక్కన పెన్సిల్‌తో పోట్లాడుతుంది. 'ఈ ఇన్‌స్పెక్టర్‌కి ఉద్యోగం ఎవరిచ్చారు' అని ఒకసారి రాసింది. ఆ రాతల కోసం తన తర్వాత వంతు నాకంటే నాకని కొట్టుకుంటారు మావాళ్లు. ఇందులో ఒక్క గీతా లేదు."

"గీతలు గీయడానికి ఒంట్లో ఓపిక ఉండొద్దూ?"

"అదీ నిజమే."

"ఏంటి, అటూ ఇటూ తిప్పుతున్నారు?"

"ఏం లేదు. కుట్టు చూస్తున్నా."

"అవునూ, ఎప్పట్నుంచో అడుగుదామని. చివరి అధ్యాయం ఇలా కుట్టేయడం ఏంటక్కా? పుస్తకాన్ని గోనెసంచీ చేశారు."

"మొదటి ఏడాది గొడవ మీకు తెలీదు. మా హెడ్‌మిస్ట్రెస్ గారికి ముందు చివరి పేజీ చదివే అలవాటు. చదివి ఊరుకుంటారా, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కనిపించినవాళ్లందరికీ హంతకుడు ఫలానా అని చెప్పేశారు. రిటైరైనా అందరూ పిల్లల్లాగే కనిపిస్తారాయె, జవాబు చెప్పకుండా ఉండలేరు. అప్పట్నుంచీ చివరి అధ్యాయం అంచులు కలిపి కుట్టేస్తున్నా. ఉన్నది ఒకే పుస్తకం, ఏడిళ్లు తిరుగుతుంది, ఇంటికి నాలుగు రోజులు. మీటింగ్ రోజు అందరి ముందూ కత్తిరించి, ఒకరు పైకి చదువుతారు."

"మధ్యలో ఎవరూ విప్పరా?"

"విప్పితే నాకు తెలుస్తుంది."

"ఎలా?"

"తెలుస్తుంది."

"మరి దీన్ని ఎవరైనా విప్పారా?"

"దీన్నా? ఇది బానే ఉందిగా. గట్టిగా ఉంది."

"మాకంటే ముందు ఎవరింట్లో ఉంది ఈ పుస్తకం?"

"ఎందుకు?"

"ఊరికే."

"వరస రాసిన కాయితం ఎక్కడో పెట్టా. వెతకాలి."

"నిన్న ఇటుగా వెళ్తుంటే ఆ గోడకే అతికించి ఉంది."

"ఉండేది. ఊడిపోయింది."

"ఒక్కరోజులో."

"జిగురు మంచిది కాదు."

"సరే. ఎదురుగా తాళాల తాత బండి మూసుందేం? పొద్దుగూకులూ అక్కడే కూర్చుని నవల చదువుతుంటాడు కదా."

"ఎవరిదో తలుపు తెరవాలట. వెళ్లాడు. రేపు మీటింగులో ఆయనతో ఎలాగూ తిప్పలే. నవల్లో హీరో పిన్నీసుతో తాళం తీశాడా, అంతే, 'ఇది రాసినవాడు జన్మలో తాళం చూశాడా' అని మొదలెడతాడు. ఆమధ్య రేకు కోసుకుపోతే ఆయన అరచేతికి మీరే కదా కుట్లు వేసింది?"

"ఐదు."

"చూపించాడు. విడివిడిగా ఐదు ముళ్లు, చీమలు బారు కట్టినట్టు. నా పనికంటే నీటుగా ఉందే అనుకున్నా."

"పదిహేనేళ్ల నుంచి అలవాటైన చెయ్యి."

"మరి ఇప్పుడు ఇంట్లో ఒక్కతే ఉందా అమ్మాయి?"

"పడుకుంది. ఇంజక్షన్ ఇచ్చా. ఆరింటిదాకా లేవదు."

"జ్వరానికి నిద్ర ఇంజక్షనా?"

"మీరు కుట్టు పని చూసుకోండి, నేను సూది పని చూసుకుంటా."

"కోపం దేనికి. బయట తాళం వేసి వచ్చారా?"

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్పాలి? అడిగా అంతే."

"కాదు. ఎవరో చెప్పారు."

"హెడ్‌మిస్ట్రెస్ గారు పలకరిద్దామని రెండుసార్లు వచ్చారట. తాళం చూసి వెనక్కి వెళ్లారట. రెండోసారి లోపల్నించి ఎవరో తలుపు తట్టినట్టు వినిపించిందట. ఆవిడకి వినికిడి కాస్త తక్కువనుకోండి."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నా ఇల్లు. బయటికెళ్తే తాళం వేసుకుంటా."

"బయటికెక్కడ వెళ్తున్నారు? నెల రోజులుగా సెలవులో ఉన్నారుగా. వెళ్లినా పది నిమిషాల్లో తిరిగొస్తున్నారుగా."

"నా రాకపోకలు లెక్కపెడుతున్నారన్నమాట."

"షాపు వీధిలో ఉంది. కళ్లు మూసుకుని కుట్టలేను కదా."

"టైమెంతైంది?"

"నాలుగు."

"వెనక గదిలో ఎవరున్నారు?"

"ఎవరుంటారు? బట్టలున్నాయి."

"కర్టెన్ తీస్తున్నా."

"అది ఆడవాళ్లు కొలతలిచ్చే గది కాంపౌండర్ గారూ, మీరు..."

"తీశా. ఎవరూ లేరు. అంటే ఇంకా రాలేదు."

"ఎవరు రావాలి?"

"అది మీ నోటితో విందామనే వచ్చా. ఇదిగో, ఈ చీటీ చదవండి. పైకి చదవండి."

"ఇదేంటి?"

"చదవండి."

"'భయపడకు. శుక్రవారం నాలుగింటికి అందరం టైలర్ షాపు వెనక గదిలో ఉంటాం. ఎలాగైనా ఇల్లు దాటి రా. తర్వాత సంగతి మేం చూసుకుంటాం.'"

"ఎవరి రాత అది?"

"నాకు కళ్లద్దాలు లేకపోతే..."

"ముక్కు మీదే ఉన్నాయి. ఎవరి రాత అక్కా?"

"తెలీదు. మీకెక్కడ దొరికింది?"

"మీరు కుట్టేసిన అధ్యాయంలో. రెండు పేజీల మధ్య."

"అంటే విప్పారు."

"విప్పా. మళ్లీ కుట్టా. నా పెళ్లాం చదివే పుస్తకంలో ఏముందో నేను చూడకూడదా?"

"తను చూసిందా ఈ చీటీ?"

"పుస్తకమే ఇవ్వలేదు. ఇంక చీటీ ఎక్కడ చూస్తుంది?"

"చదివింది, బాగుందట అన్నారు."

"అన్నాను."

"ఏం చేసింది కాంపౌండర్ గారూ ఆ అమ్మాయి? నలుగురితో కూర్చుని నాలుగు ముక్కలు చదువుకుంది. అంతేగా."

"అంతేనా? ఒకరోజు అన్నం తింటుంటే అడిగింది. మీ క్లబ్బు పుస్తకంలో ఎవరో ఒకావిడ ముప్పై ఏళ్లొచ్చాక మళ్లీ కాలేజీలో చేరిందట. నేనూ చేరనా అంది. నవ్వి ఊరుకున్నా. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ మర్నాడు అడగలేదు, దరఖాస్తు తెచ్చుకుంది. నాకు చెప్పకుండా. ఆ పుస్తకం ఎవరు ఎంచారు?"

"మా దగ్గర అందరూ చీట్లు వేస్తారు, డబ్బాలోంచి ఒకటి తీస్తాం. ఏది వస్తే అది."

"ఆ చీటీ ఎవరు వేశారు?"

"గుర్తులేదు."

"ఎవరక్కా?"

"నేనే వేశా."

"అనుకున్నా. చాప కింద నీరులా ఉంటారు మీరు."

"ఏం చేస్తున్నారు?"

"షట్టర్ దించుతున్నా."

"పూర్తిగా దించకండి, అది..."

"ఇప్పుడు మీరు నాకేం చెప్పకండి."

"సరే. చెప్పను."

"చీటీలో 'అందరం' అని ఉంది. ఆ అందరూ ఎవరో ఒక్కొక్కరి మొహం చూడాలి. వాళ్లొచ్చి షట్టర్ తడతారు. మీరు పలుకుతారు."

"మూసిన షాపుకి ఎవరొస్తారు?"

"లోపల మిషన్ చప్పుడు వినిపిస్తే వస్తారు. తొక్కుతూ ఉండండి."

"రాకపోతే?"

"వస్తారు. తీగ నా చేతిలో ఉంది, డొంక కదలకుండా ఎక్కడికి పోతుంది? ఈ వీధిలో నేను సూది వెయ్యని ఇల్లు లేదక్కా. ఎవరికి షుగరు, ఎవరికి ఆయాసం, ఎవరి గుండె ఎంత గట్టిదో నాకు తెలుసు. మీకు బీపీ అని కూడా తెలుసు."

"బెదిరిస్తున్నారా?"

"జాగ్రత్త చెప్తున్నా. చూడండి, చేతులు వణుకుతున్నాయి. సంచీ తెచ్చా. ఒక ఇంజక్షన్ ఇవ్వనా?"

"వద్దు."

"నొప్పి తెలీదు. నా చెయ్యి మెత్తన అని మీరే అందరికీ చెప్తారు."

"చెప్పేదాన్ని. వద్దు."

"మిషన్ ఆపకండి."

"దారం తెగింది. ఎక్కిస్తున్నా."

"త్వరగా."

"సూది బెజ్జం కనిపించొద్దూ? షట్టర్ దించేశారు, వెలుతురేదీ? లైటు వెయ్యండి. ఆ పక్కన. అది కాదు, కింది స్విచ్చి. ఆ. ఇప్పుడు కనిపిస్తోంది. మీరు కూర్చోండి, ఆ స్టూలు లాక్కోండి. ఎంతసేపు నిలబడతారు?"

"మర్యాదలేం అక్కర్లేదు."

"ఒక్కమాట అడగనా? అమ్మాయిని ఎన్నాళ్లని అలా ఉంచుతారు?"

"బుద్ధి వచ్చేదాకా."

"రాకపోతే?"

"మందు పెంచుతా."

"ఆ ముక్క ఇంత మామూలుగా చెప్తారనుకోలేదు."

"నాలుగున్నర అవుతోంది. ఒక్కరూ రాలేదు."

"వస్తారు. హెడ్‌మిస్ట్రెస్ గారికి మోకాళ్ల నొప్పులు, నెమ్మదిగా నడుస్తారు. అది కూడా మీకు తెలుసుగా."

"మీ ఫోన్ మోగుతోంది."

"మోగనివ్వండి."

"ఎవరు?"

"హెడ్‌మిస్ట్రెస్ గారు."

"ఎత్తండి. స్పీకర్ పెట్టండి. నేనున్నట్టు ఒక్క ముక్క అన్నారంటే... తెలుసుగా."

"తెలుసు. హలో, చెప్పండమ్మా."

"ఏమ్మా, బాగున్నావా? అయిపోయింది. పెద్ద తాళం, పావుగంట పట్టింది. నవల్లో అయితే పిన్నీసు సరిపోయేదని గొణుక్కుంటూ తీశాడు తాత. అమ్మాయి మత్తులో ఉంది కానీ నన్ను గుర్తుపట్టింది. ఆటోలో నా ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చా. ఆయన పనిచేసే ఆస్పత్రికి కాదులే, వేరేదానికి. డాక్టరమ్మ చేతి మీద సూది గుర్తులన్నీ రాసుకుంటోంది, పోలీసులకి తనే ఫోన్ చేసింది. ఆయనింకా నీ దగ్గరే ఉన్నాడా?"

"ఉన్నారమ్మా. ఇక్కడే నిలబడి వింటున్నారు."

"అయ్యో. నువ్వు జాగ్రత్త తల్లీ. తాత బయల్దేరాడు, వెంట ఇద్దరు కానిస్టేబుళ్లున్నారు."

"అలాగేనమ్మా. ఉంటా."

"ఏ అమ్మాయి? ఎవరి తాళం?"

"ఈ వీధిలో పగటిపూట మనిషిని లోపలుంచి తాళం వేసుకున్న ఇల్లు ఒక్కటేగా కాంపౌండర్ గారూ."

"షట్టర్ ఎత్తు."

"ఎత్తలేను. పూర్తిగా దించితే ఇరుక్కుంటుంది, లోపల్నించి లేవదు. అదే చెప్పబోయా. మీరు చెప్పొద్దన్నారు."

"ఎత్తమంటున్నా."

"సంచీలోంచి చెయ్యి తీయండి. నా చేతిలో ఉన్నది ఎనిమిది మడతల గుడ్డ కోసే కత్తెర. ఇందాక వణికిన చెయ్యి కాదిది, చూడండి. అలా. స్టూలు మీద కూర్చోండి."

"అబద్ధం. నన్ను కంగారు పెట్టడానికి ఆడుతున్న నాటకం. చీటీ దాని చేతికి చేరనే లేదు. కుట్టు విప్పింది నేను, చీటీ తీసింది నేను. అది తనకి అందలేదని మీకెలా తెలుసు? నేనివాళ ఇల్లు వదిలి ఇక్కడికొస్తానని మీకెలా తెలుసు?"

"మూడు నెలలుగా పుస్తకం మీ ఇంటికి వెళ్తోంది, నాలుగోరోజుకి ఠంచనుగా తిరిగొస్తోంది. ఒక్క పెన్సిల్ గీత లేదు. అక్కడే అనుమానం వచ్చింది. తర్వాత కుట్టు చూశా. నేను దర్జీదాన్ని, ఒకే దారం ఈ చివర్నుంచి ఆ చివరికి లాగి కుడతా. మొత్తానికి ఒక్కటే ముడి. మీ ఇంటినుంచి వచ్చిన పుస్తకానికి మాత్రం కుట్టు కుట్టుకీ ఒక ముడి, ముడి ముడికీ తెంపిన దారం. గాయానికి వేసినట్టు. తాళాల తాత అరచెయ్యి పక్కన పెట్టి చూశాం. మొదటి నెల, రెండో నెల, మూడో నెల, అదే చెయ్యి. ఆ అధ్యాయం విప్పి చూసేది ఎవరో మాకు తెలిసిపోయింది."

"మరి తెలిసి తెలిసి అందులో దానికి చీటీ ఎందుకు పెట్టారు?"

"ఆ చీటీ మీ ఆవిడకి రాసింది కాదు కాంపౌండర్ గారూ. మీకు రాసింది."